సాయంత్రం వాలే కనురెప్ప

సంపాదకులకు నమస్కారం.

జగిత్యాలలో 20 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మీ ఆరోగ్యం పేజీ వదలకుండా చదువుతాను. ఛాతీలో ఉండే థైమస్ అనే గ్రంథి గురించి అందులో ఎప్పుడూ చూడలేదు, అందుకే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట దసరా గిరాకీ రోజుల్లో, పొద్దుగూకేసరికి సూది బెజ్జం రెండుగా కనిపించడం మొదలైంది. ఎడమ కనురెప్ప వాలిపోయేది. వేలితో పైకెత్తి పట్టుకుని, మళ్లీ కుట్టేదాన్ని. రాత్రి అన్నం నమిలేటప్పుడు సగంలోనే దవడ అలసిపోయేది. తెల్లారితే అంతా మామూలే. డాక్టర్ల దగ్గరికి వెళ్లేది పొద్దున పూట కాబట్టి వాళ్లకేమీ కనిపించేది కాదు. కళ్లజోడు రెండుసార్లు మార్చారు. నీరసమని బలం సూదులు వేశారు. చివరికి మా అమ్మాయి ఓ రాత్రి నా ముఖాన్ని ఫోన్‌లో వీడియో తీసింది. అది చూశాకే హైదరాబాద్‌లో నరాల డాక్టర్ మయస్థీనియా గ్రేవిస్ అనే కండరాలు అలసిపోయే జబ్బు అని అనుమానించి, రక్తపరీక్షతో పాటు ఛాతీకి సీటీ స్కాన్ రాశారు. కంటి జబ్బుకు ఛాతీ స్కాన్ ఎందుకని మా ఆయనకు ఒకటే టెన్షన్.

థైమస్ రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉంటుంది. రోగాలతో పోరాడే టి కణాలు పదునెక్కేది అక్కడే. పెద్దయ్యాక అది కుంచించుకుపోతుంది. అందులో పుట్టే గడ్డల్లో ఎక్కువగా కనిపించేది థైమోమా. అది ఉన్నవాళ్లలో సుమారు మూడోవంతు మందికి మయస్థీనియా వస్తుంది. నరం నుంచి కండరానికి వెళ్లే కబురును మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే అడ్డుకుంటాయి. వాడేకొద్దీ కండరం అలసిపోతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. నాకు పొద్దున ఒక ముఖం, సాయంత్రం ఒక ముఖం అందుకే.

స్కాన్‌లో నాకు బయటపడింది ఆ థైమోమానే. ఆపరేషన్ చేసి థైమస్ మొత్తం తీసేశారు. గడ్డ పైపొర దాటలేదు కాబట్టి రేడియేషన్ అవసరం పడలేదు. ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చట, అందుకని స్కాన్లు మానకూడదు. థైమిక్ కార్సినోమా అనే ఇంకో రకం థైమస్ గడ్డ ఇంకా మొండిదని డాక్టర్ చెప్పారు. మా బంధువులు మాత్రం ఇప్పటికీ "థైరాయిడేగా, రోజూ ఓ మాత్ర చాలు" అంటారు. థైరాయిడ్ మెడలో ఉంటుంది, అది వేరు.

సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, మెగ్నీషియం ఇంజెక్షన్ మయస్థీనియాను ఉన్నట్టుండి పెంచి ఊపిరికే ముప్పు తేవచ్చు. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికో మందుల షాపుకో వెళ్లేవాళ్లం కదా, ఎవరిని అడుగుతాం? ఆ పేర్లు రాసిన కాగితం నా పర్సులో, కొలత టేపు పక్కనే ఉంటుంది.

దయచేసి దీని మీద ఒక డాక్టర్ చేత వ్యాసం రాయించండి. వాలిన కనురెప్ప ఫోటో పెద్దదిగా వేయండి. కావాలంటే మా అమ్మాయి తీసిన వీడియో పంపిస్తాను.

— ఒక పాఠకురాలు, జగిత్యాల