వార్డెన్ గెలిచిందే!

ఒసేయ్ పద్దూ,

నీ ఉత్తరం దసరాకి వచ్చింది. జవాబు ధనుర్మాసంలో రాస్తున్నాను. తిట్టుకో, కానీ మనసులోనే తిట్టుకో. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా: చిన్నాడికి దగ్గు తగ్గింది, మీ అన్నయ్య బదిలీ ఆగింది, అత్తయ్యగారి మోకాలి నొప్పి అలాగే ఉంది, నువ్వడిగిన మాగాయ కారం ఎక్కువైందని నీకు పంపలేదు. అయిపోయాయి. ఇక అసలు సంగతి. ఫోన్‌లో మొదలుపెడితే నవ్వొచ్చి మధ్యలోనే ఆగిపోతాను, అందుకే కాగితం మీద పెడుతున్నా.

మా వార్డెన్ పెట్ట గుర్తుందిగా? సాయంత్రం గూడు తలుపు దగ్గర నిలబడి, అన్నీ లోపలికి వెళ్ళాకే తను వెళ్తుంది. ఆలస్యంగా వచ్చినదాన్ని నెత్తి మీద ఓ పోటు పొడుస్తుంది. మన హాస్టల్లో రాత్రి హాజరు గుర్తొచ్చి ఆ పేరు పెట్టాను. (జామచెట్టు గోడ సంగతి మాత్రం ఈ వార్డెన్‌కీ తెలియదులే.) కార్తీకంలో పొదుగుకి కూర్చుంది. అత్తయ్యగారు గంపలో వరిగడ్డి పరిచి, గుడ్ల మధ్య ఓ ఇనప ముక్క, ఎండుమిరపకాయ పెట్టారు, ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా అట. నేను వారం పోయాక రాత్రి టార్చి వేసి చూశాను. రెండింట్లో నరాలే కనబడలేదు, తీసేశాను. "కడుపులోకి తొంగిచూసినట్టు ఆ చూడ్డమేంటమ్మా" అని ఆవిడ. 21వ రోజుకి తొమ్మిది పిల్లలు! చిన్నాడు ఆ పూట బడికి వెళ్ళనని మొరాయించాడు. నేనూ పంపలేదనుకో.

పిల్లలకి వారం రాగానే కొక్కెర తెగులు రాకుండా మందు వెయ్యాలి కదా, లసోటా అనే టీకా, కంట్లో ఒక్కో చుక్క. ఆ సీసా 100 పిల్లలకి సరిపడేది. ఒకసారి కలిపితే గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, లేకపోతే పారబోయడమే. అందుకని మందు తెచ్చినప్పుడల్లా వీధి వీధంతా మా పెరట్లోనే. బుట్టలతో, అట్టపెట్టెలతో, ఒకావిడైతే ప్రెషర్ కుక్కర్లో తెచ్చింది పిల్లల్ని! నేను థర్మాస్‌లో ఐసు ముక్కల మధ్య సీసా పెట్టుకుని, ఒక్కోదాని కంట్లో చుక్క వేసి, అది రెప్ప ఆర్పేదాకా పట్టుకుని వదులుతున్నా. వార్డెన్‌ని గంప కింద మూశాను. లోపల్నుంచి ఒకటే గోల. తన పిల్లలేమో నా ఒళ్ళో బుట్టలో కియ్ కియ్ అంటున్నాయి.

సరిగ్గా అప్పుడొచ్చాడు బుల్లెట్ మీద ఒకాయన, భీమవరం వైపు నుంచి. వెనకాల కూర్చున్న కుర్రాడి చంకలో ఓ నెమలి పుంజు (నిజం నెమలి కాదే, ఈకల రంగుని బట్టి పందెం పుంజుకి ఆ పేరు). మా కలెక్టర్‌ని ఎవరో చూసి చెప్పారట. కలెక్టర్ అంటే మా డేగ పుంజు, ఎర్రగా మెరిసిపోతూ, తల ఎత్తుకుని పెరడంతా తనిఖీ చేస్తూ తిరుగుతుందే, అది. ఆయన దాన్ని ఎత్తి బరువు చూశాడు, కాలి పొలుసులు లెక్కపెట్టాడు, కంటి రంగు చూశాడు, మెడ నిమిరాడు. కోడిపందేల కుక్కుట శాస్త్రం ఎత్తుకున్నాడు, ఏ వారం ఏ రంగు గెలుస్తుందో, ఏ దిక్కున దింపాలో. "పండక్కి దాకా బాదంపప్పు, మటన్ కైమా పెట్టి, చెరువులో ఈత కొట్టిస్తే దీనికి తిరుగుండదండి. 20,000 ఇస్తానండి, ఆయ్" అన్నాడు. కుక్కర్ ఆవిడ నోరు తెరిచేసింది. మావయ్యగారు సన్నగా దగ్గారు. ఆ దగ్గు అర్థం నాకు తెలుసు.

అత్తయ్యగారు మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మావయ్యగారి కుర్రతనంలో కోడిపందేల బరి దగ్గర పోయిన పొలం ఇప్పటికీ మా రోడ్డు పక్కనే ఉంది పద్దూ. ఏ పెళ్ళికెళ్ళినా దాని పక్కనుంచే వెళ్ళాలి. ఆవిడ ఆ వైపు తిరగరు. ఆ రోజు ఆవిడ మొహం చూస్తే నాకు... సరే, అది ఇంకోసారి రాస్తాలే.

డబ్బిచ్చే ముందు రోషం చూస్తానన్నాడాయన. కుర్రాడు నెమలిని కింద పెట్టి కాలి తాడు కాస్త వదిలాడు. కత్తీ గిత్తీ లేదులే, ఉంటే మేమే తరిమేవాళ్ళం. వీధంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. నెమలి మెడ జూలు విప్పి ఒక్క అడుగు వేసింది. అంతే! మా కలెక్టర్‌గారు కొక్కొక్కో అంటూ వెనక్కి తిరిగి, వీధి అరుగుదాకా వెళ్దామని పరిగెత్తి, దారిలో గంపకి గుద్దుకుని దాన్ని పడేసింది.

గంప కింద ఎవరున్నారు? ఆఁ!

వార్డెన్ ఒళ్ళంతా పూరించుకుని బయటికొచ్చింది. పిల్లల ఏడుపు వినబడుతోంది, ఎదురుగా కొత్త పుంజు. ఇంకేం విచారించలేదు. ఎగిరి తన్నింది. నెమలి బిత్తరపోయింది, తాడు కుర్రాడి చేతిలోంచి జారిపోయింది. తులసికోట చుట్టూ, తౌడు డబ్బా మీంచి, కుక్కర్ ఆవిడ కాళ్ళ మధ్యలోంచి... ఆఖరికి ఆ నెమలి బుల్లెట్ సీటెక్కి, అక్కడ ఓ ముద్ర వేసింది. వార్డెన్ కింద నిలబడి దిగమంటోంది! మావయ్యగారు అరుగు మీద కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కలెక్టర్ ఎక్కడనుకున్నావ్? వంటింట్లో, నూకల బస్తా వెనక.

అసలు ముక్క ఇదే. ఆయన సీటు తుడుచుకుని, కాసేపు వార్డెన్నే చూసి, "ఈ పెట్ట ఎంతకిస్తారండి?" అన్నాడు! "జాతంతా పెట్టలోంచే వస్తుందండి, పుంజుదేముందండి" అట. రేటు కూడా పెంచాడు. అప్పుడు లేచారు అత్తయ్యగారు. మోకాలు పట్టుకునే లేచారు. "బాలింతని అమ్ముకునే ఇల్లు కాదు బాబూ ఇది" అని ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టారు. ఆయన తాగి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. నిజం చెప్పనా, మనిషి మంచివాడేనే.

మావయ్యగారు ఆ పూట నుంచీ కలెక్టర్‌ని "గుమాస్తా" అంటున్నారు. అది మాత్రం తెల్లారి నాలుగింటికే మళ్ళీ అదే దర్జాగా కూస్తోంది. దాని కూతకి పక్కింటివాళ్ళ

అయ్యో, చిన్నాడు పిల్లల బుట్ట మూత తీసేశాడు, పైన గద్ద తిరుగుతోంది. పండక్కి నువ్వు రావాలి, అంతే.

నీ
జామకాయల దొంగ