కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది అంతా ఇంకుడు గుంతల గోలే

సభ్యులందరికీ నమస్కారం. వీధిదీపాలు, వాచ్‌మన్ జీతం, వినాయక చవితి ఖర్చుల లెక్కలు నోటీసు బోర్డులో పెట్టాం, చూసుకోండి. కమిటీ టైమంతా తినేసింది మాత్రం ఇంకుడు గుంతలే.

ఇంకుడు గుంత ఉండాల్సిందేనని 300 గజాలు దాటిన ఇళ్లకు జలమండలి (హైదరాబాద్ నీటి సరఫరా బోర్డు) నోటీసులు రాగానే కొంతమంది టెన్షన్ పడి, "ఇదేం కొత్త రూలండీ" అని ఫోన్లు చేశారు. కొత్తదేం కాదు. వాన నీటిని ఇంకించే ఏర్పాటు ఉండాలని వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) 2002లోనే చెప్పింది, 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల్లో (జీవో 168) కూడా ఉంది. మన ఇళ్ల ప్లాన్లలో చాలావాటిలో గుంత గీసే ఉంది, అది నేల మీద ఎక్కడుందో వెతకడమే మా పనైంది.

కొన్ని పార్కింగ్ టైల్స్ కింద దొరికాయి. ఒక అపార్ట్‌మెంట్‌లో మూత లేపితే పాలప్యాకెట్లు, ఎప్పుడో టైల్స్ కోసిన పొడి, దాని కింద ఇసుక పెచ్చు కట్టి ఉంది, బకెట్ నీళ్లు పోస్తే పోసినట్టే నిలబడ్డాయి. ఆ ఇసుక తీయించి, కింది 20 ఎంఎం, 40 ఎంఎం కంకర కడిగించి మళ్లీ వేయించాం, పైన కొత్త ఇసుక పోయించాం. జూలైలో పెద్ద వాన పడితే తెల్లారేసరికి గుంత ఖాళీ. కొత్తది తవ్వడం కంటే ఇది చాలా చవక, కాకపోతే ఫొటోకి పనికిరాదు కాబట్టి ఎవరికీ పట్టదు.

ఎన్ని నీళ్లు వస్తాయని అడిగినవాళ్లకి లెక్క ఇదీ: 100 చదరపు మీటర్ల డాబా మీద 1 మిల్లీమీటరు వానంటే 100 లీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు పడుతుంది కాబట్టి, వృథా పోగా 60 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. అవి మీ బోరులోకే వస్తాయని మాట ఇవ్వలేం, నీళ్లకి మన కాంపౌండు గోడలు తెలీవు కదా, అందుకే అందరూ చేయాలని వెంటపడుతున్నాం.

వాషింగ్ మెషిన్ నీళ్లు మాత్రం దయచేసి గుంతలోకి వదలకండి, వాన నీళ్లే పోవాలి.

మే నెలాఖరులోగా డాబాలు ఊడ్చి, పైపులకి జాలీలు బిగించుకోండి. చివరి లైన్లో కామన్ గుంత సంగతి ఇంకా తేలలేదు, అక్కడ కార్లు పెట్టుకునేవాళ్లు ఒప్పుకోవట్లేదు. సర్వసభ్య సమావేశంలో ఓటుకి పెడుతున్నాం, వాళ్లూ రావాలి.