మిస్సోరీ అడవిలో టర్కీని పిలిచే గొంతు

రోలా, మిస్సోరీ
ఏప్రిల్ నెలాఖరు

మావయ్యకు నమస్కారాలు.

మేమంతా క్షేమం. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం.

మొన్న ఫోన్లో నువ్వు అడిగావు కదా, "అడవి టర్కీ పుంజుని పెట్ట గొంతుతో పిలుస్తారటగా, ఏ గొంతుకి వస్తుందిరా అది?" అని. అంతలో లైను తెగిపోయింది. తెగకపోయినా అది ఫోన్లో తేలే విషయం కాదు. భీమవరం చుట్టుపక్కల కూత విని అది ఎవరి పుంజో చెప్పగలిగినవాడివి, పైపైన చెబితే నీకు సరిపోదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు పక్షి సంగతి. ఇక్కడిది ఈస్టర్న్ రకం. ఎదిగిన పుంజు ఎనిమిది తొమ్మిది కిలోలు తూగుతుంది. రొమ్ము మధ్య నుంచి నల్లటి కుచ్చు వేలాడుతూ ఉంటుంది, దాన్నే ఇక్కడ గడ్డం అంటారు. వసంతకాలం వేటలో పుంజుని గానీ, గడ్డం కనబడే పక్షిని గానీ మాత్రమే కొట్టాలి. ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు ఉంటుంది ఈ సీజను. ఇప్పుడు కొండల నిండా ఉన్నాయి గానీ ఒకప్పుడు ఈ రాష్ట్రంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయట. 1937లో వేట మొత్తానికి ఆపేశారు. 1954 నుంచి అటవీ శాఖ వాళ్ళు మొక్కజొన్న గింజలు చల్లి, మేతకొచ్చిన గుంపు మీదికి మందుగుండుతో వల ఎగరేసి, బతికుండగా పట్టి, ఖాళీ అయిపోయిన అడవుల్లో వదిలారు. మళ్ళీ 1960లో మూడంటే మూడు రోజులు వేటకి తెరిచారు. ఆ కష్టం తలుచుకుంటే ఈ పక్షి మీద నాకు గౌరవం పెరుగుతుంది. నన్ను అడవికి తీసుకెళ్ళే పక్కింటి పెద్దాయన కూడా అలాంటి మనిషే. లెక్కకి మించి ఒక్క పక్షిని ముట్టుకోడు.

ఇక నీ ప్రశ్న. అసలు చిక్కు ఎక్కడుందంటే, మనం ఆ పక్షి స్వభావానికి ఎదురు అడుగుతున్నాం. తెల్లవారుజామున పుంజు చెట్టుకొమ్మ మీదే ఉండి కూస్తుంది. ఆ కూత విని పెట్టలే దాని దగ్గరికి నడిచి వెళ్తాయి. మనమేమో పెట్ట గొంతుతో పలికి, "నేను రాను, నువ్వే రా" అంటాం. అది అలవాటు లేని పని దానికి. అందుకని ఎంత బాగా పలికామన్నది తర్వాతి మాట. ఆ గడియకి దాని మనసు ఎలా ఉందో, దానికి తగ్గ గొంతు ఏదో చూసుకోవాలి.

పెట్టకి గొంతులు చాలా ఉన్నాయి. అందరూ మొదట నేర్చుకునేది యెల్ప్. ఒకటే స్వరం ఐదారు సార్లు, ఏడు సార్లు వరసగా వస్తుంది. ఒక్కో పలుకూ పైన సన్నగా మొదలై కింద గరగరలాడుతూ తెగుతుంది. పెద్దాయన మొదటి రోజునే చెప్పాడు, గొంతు కాస్త బొంగురుపోయినా పరవాలేదు, నడక, అంటే లయ, తప్పకూడదని. పెట్ట సమంగా, కాస్త త్వరగా పలుకుతుంది. అదే యెల్ప్‌ని పుంజు కూడా పలుకుతుంది గానీ నిదానంగా, మోటుగా, రెండు మూడు సార్లే. నడక తప్పితే పెట్టని పిలవబోయి పుంజు మాట మాట్లాడినట్టవుతుంది.

తర్వాతది క్లక్. ఒక్క పొట్టి పలుకు. "ఇక్కడున్నా, నువ్వెక్కడ?" అన్నంత భావం. దీనికి పర్ర్ అనే మెత్తని గురగుర కలిపితే, పెట్ట బెదురు లేకుండా ఆకులు తిరగేస్తూ మేస్తోందని అర్థం. నా మటుకు నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఇది గట్టిగా వినబడేది కాదు, దగ్గరికొచ్చిన పుంజుకే పనికొస్తుంది. కటింగ్ అని ఇంకోటుంది. క్లక్‌లే, కానీ గట్టిగా, తెగి తెగి, నడక లేకుండా వస్తాయి. పెట్ట ఉద్రేకంగా ఉందన్నమాట. కొత్తవాళ్ళు దీన్ని పొద్దున్నించీ వాయిస్తూనే ఉంటారు, అడవంతా మోగిపోతుంది, పుంజు కొమ్మ మీద నుంచి జవాబులిస్తూ అక్కడే కూర్చుంటుంది. దానికి తొందరేముంది? అంత ఆత్రంగా ఉన్న పెట్ట తనే వస్తుందని దాని లెక్క.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది పట్ అనే పలుకుతో. అది ప్రమాద సూచన. క్లక్‌కీ దానికీ తేడా వెంట్రుకవాసి. క్లక్ గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. పట్ పొడిగా, కరుకుగా, మెడ నిక్కించి అన్న మాటలా తెలుస్తుంది. క్లక్ అనబోయి చెయ్యి కాస్త బిగిస్తే పట్ వచ్చేస్తుంది, ఆ చుట్టుపక్కల ఉన్నవన్నీ జారుకుంటాయి. మళ్ళీ ఆ పూటకి అక్కడ కూర్చోవడం దండగ.

పలికించే పనిముట్లు మూడు రకాలు ఎక్కువ. బాక్స్ కాల్ అంటే దేవదారు లాంటి కర్రతో చేసిన పల్చటి పెట్టె, పైన తెడ్డులా మూత. మూత అడుగున నూనె కలవని సుద్ద రాసి, పెట్టె అంచు మీద అడ్డంగా లాగితే యెల్ప్ వస్తుంది. 1897లోనే అర్కన్సాలో గిబ్సన్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. గాలి హోరున వీచేటప్పుడు ఇదే దూరం పోతుంది. తడి తగిలిందా, మూగబోతుంది. రెండోది పాట్ కాల్. అరచేతిలో పట్టేంత గుండ్రటి గిన్నె, పైన పలకరాయో గాజో బిగించి ఉంటుంది. ముందు గరుకు కాగితంతో పలకని ఒక దిక్కుగా రుద్దుతారు. ఆ గరుకుకి అడ్డంగా కర్రపుల్లని పెట్టి, చిన్నప్పుడు బలపంతో సున్నాలు దిద్దినట్టు, పుల్ల పైకి లేవనీయకుండా చిన్న చిన్న చుట్లు తిప్పాలి. పుల్లని అంచు వైపు జరిపితే గొంతు సన్నబడుతుంది, నడిమికి వస్తే బొంగురుతుంది. పుల్లని తేలిగ్గా ఆనించి నెమ్మదిగా ఈడ్చితే పర్ర్. పుల్ల మారిస్తే పలికే పెట్టకోడే మారిపోయిందనిపిస్తుంది, అందుకే పెద్దాయన జేబులో నాలుగైదు రకాల కర్రల పుల్లలుంటాయి. మూడోది నోట్లో అంగిలికి ఆనించుకునే డయాఫ్రమ్, గుర్రపు నాడా ఆకారంలో చిన్న చట్రానికి పల్చటి రబ్బరు పొర సాగదీసి ఉంటుంది. పక్షి ఎదురుగా వచ్చాక చేతులు కదిలితే చూసేస్తుంది, అప్పుడు పనికొచ్చేది ఇదొక్కటే. వీటన్నిటికీ ముందు ఇక్కడి ఆదివాసులు టర్కీ రెక్క ఎముకల్ని ఒకదాన్లో ఒకటి దూర్చి, పెదాలతో గాలి లోపలికి పీలుస్తూ పలికించేవారు. అవి ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు.

పోయిన శనివారం ఏం జరిగిందో చెబితే ఇదంతా నీకు ఇంకా బాగా తెలుస్తుంది. చీకటుండగానే గట్టు ఎక్కాం. పెద్దాయన ముందు టర్కీ గొంతే ఎత్తలేదు, గుడ్లగూబ కూత కూశాడు. ఈ కాలంలో పుంజు ఉలిక్కిపడితే చాలు, తెలియకుండానే కూసేస్తుంది. ఎక్కడుందో తెలిసిపోతుంది, మనం పెట్టలమని దానికి చెప్పినట్టూ కాదు. లోయ అవతలి ఓక్ చెట్టు మీద నుంచి జవాబొచ్చింది. భుజాలకంటే వెడల్పైన చెట్టు చూసుకుని వీపు ఆనించి కూర్చున్నాం. వెనక నుంచి ఇంకో వేటగాడు పొరబడినా ఆ మాను అడ్డం ఉంటుంది. పుంజు తలలో ఎరుపు, తెలుపు, నీలం ఉంటాయి కాబట్టి ఆ రంగు గుడ్డ ముక్క కూడా ఒంటి మీద ఉండకూడదు. పుంజు కూతని మనం కూయడం కూడా ప్రమాదమే.

కాస్త వెలుగొచ్చాక పలక మీద మూడే మూడు మెత్తటి యెల్ప్‌లు, నిద్ర లేచిన పెట్ట కొమ్మ మీద అనేటంత. పుంజు కూసింది. ఆయన పుల్ల కింద పెట్టేశాడు. నాకు చేతులు ఆగలేదు, ఆయన తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి రెక్కల చప్పుడు, నిజమైన పెట్టలు దాని దగ్గర దిగాయి. గుంపంతా అవతలి వైపు వెళ్ళిపోయింది. నేనైతే అక్కడితో లేచిపోయేవాణ్ణి. ఆయన ఫ్లాస్కులో కాఫీ పోశాడు. పెట్టలు ఇప్పుడు గుడ్లు పెట్టే రోజులు, పొద్దెక్కాక ఒక్కొక్కటే గూటికి జారుకుంటాయి, అప్పుడు పుంజు ఒంటరిదవుతుంది అన్నాడు. పది దాటాక బాక్స్ కాల్ తీసి ఒక్క విడత కటింగ్ చేశాడు. ఉదయం పనికిరాని గొంతు అప్పుడు పనికొచ్చింది. ఆ పిలుపు పూర్తికాకుండానే పుంజు అందుకుని కూసింది. మళ్ళీ కూసేసరికి సగం దూరం వచ్చేసింది. ఇక ఆయన దానితో మాట్లాడలేదు. చేత్తో ఎండుటాకుల్ని రెండు సార్లు గీకి, ఆగి, మళ్ళీ ఒకసారి గీకాడు. పెట్ట మేస్తున్న చప్పుడది. ఒక్క క్లక్, సన్నగా పర్ర్.

అప్పుడు విన్నాను డ్రమ్మింగ్. పుంజు చేసే, మన చెవికంటే ముందు రొమ్ముకి తెలిసే లోతైన ధ్వని అది. పుంజు రెక్కలు నేలకి ఈడుస్తూ, తోక విప్పి, పొదల మధ్య నుంచి వచ్చింది. ఎండకి దాని ఒళ్ళంతా రాగి రంగు, పచ్చ రంగు మారుతూ మెరిసింది. నలభై అడుగుల దాకా వచ్చింది. ఒక్క గుండు, అక్కడికక్కడే. కాళ్ళ ముళ్ళు అంగుళం పైనే ఉన్నాయి. ఈకలు పీకేటప్పుడు రెక్క ఎముకలు పారెయ్యద్దన్నాడు, వాటితో పిలుపు పనిముట్టు చేయడం నేర్పిస్తానన్నాడు.

ఏటా నాష్‌విల్‌లో ఈ పిలుపులకి జాతీయ పోటీలు జరుగుతాయి. ఎవరు పలుకుతున్నారో న్యాయనిర్ణేతలకి కనబడకుండా అడ్డు కట్టి, చెవితోనే మార్కులు వేయిస్తారు. ఆ పద్ధతి నీకు నచ్చుతుంది. కానీ పెద్దాయన మాట వేరు. అడవిలో పెట్టలు గొంతు పగిలి పలికినవీ, శ్రుతి తప్పినవీ ఎన్నో విన్నాడట, పుంజులు వాటికీ వచ్చాయట. ఎప్పుడు పలకాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఆ పెట్టలకి తెలుసు అంటాడు. నేను ఆయన పక్షమే.

చిన్నోడి ఫోన్‌కి రెండు రికార్డింగులు పంపాను. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో వేటలో ఇలాంటివి మోగించడం నేరం, ఇవి వినడానికే. ఒకటి క్లక్, ఒకటి పట్. ఏది ఏదో వాడికి చెప్పలేదు. పెరట్లో పెట్టలు దగ్గరున్నప్పుడు మాత్రం పెట్టించుకోకు, గదిలో విను. ఏది ప్రమాద సూచనో నువ్వు చెప్పు, ఎలా పట్టుకున్నావో కూడా చెప్పు. పెద్దాయనకి చెబుతాను, ఆయన నీ గురించి అడుగుతూనే ఉంటాడు.

అత్తయ్యకి, తాతయ్యకి నా నమస్కారాలు. పిల్లలకి ఆశీస్సులు.

నీ మేనల్లుడు