ముందు బాకీలు తీర్చండి

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో భీమవరం బజార్లు వెలవెలబోతున్నాయని, జనం చేతుల్లో డబ్బు ఆడటం లేదని రాశారు. 2025 ఆగస్టులో 50 శాతానికి చేరిన అమెరికా సుంకం రొయ్యల రైతుని ఎంత కుంగదీసిందో ఇక్కడ ఉన్నవాణ్ణి, నాకు తెలుసు. కానీ బజారు చల్లబడటానికి కారణం అదొక్కటే కాదు.

మా వీధి చివర కిరాణా కొట్టు ఉంది. మొన్న నా సరుకులు కడుతూ కొట్టు యజమాని ఖాతా పుస్తకం తిప్పుతుంటే చూశాను. చెరువు మీద పనికి వెళ్లే కూలీ పేరు కింద వారం వారం వంద, రెండొందలు జమ ఉంది. ఒకటో తారీఖున జీతం పడేవాళ్ల పేజీల్లో, అద్దెలొచ్చే డాబాల వాళ్ల పేజీల్లో మూడు నెలలుగా ఒక్క జమ లేదు. అడిగితే "పరిస్థితులు చూస్తున్నారుగా" అంటున్నారట. ఏ పరిస్థితులండీ? సుంకం వేసింది రొయ్య మీద, వీళ్ల జీతాల మీద కాదు కదా!

నేనూ ఈ తప్పు చేశాను. గోడ ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రికి ఆరు వేలు ఇవ్వాలి. పేపర్లో వార్తలు చదివి టెన్షన్ పడి, చేతిలో నాలుగు డబ్బులు ఉంటే మంచిదని పది రోజులు తిప్పాను. ఈలోగా కూతురి కాలేజీ ఫీజుకి ఆయన వడ్డీకి అప్పు తెచ్చాడని తర్వాత తెలిసింది. బ్యాంకులో డబ్బు పెట్టుకుని చేసిన పని అది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

భయం ఏం చేస్తుందో బ్యాంకు కౌంటర్లో కూర్చుని చూసినవాణ్ణి. 2017 చివర్లో, దివాలా తీసే బ్యాంకుల వ్యవహారం తేల్చడానికి కేంద్రం తేబోయిన ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు వస్తే డిపాజిట్లు పోతాయని వాట్సాప్‌లో ప్రచారం జరిగింది. మన రెండు రాష్ట్రాల్లోనూ జనం బ్యాంకుల మీద పడ్డారు. ఒక పెద్దావిడ ఇంకో నెలలో గడువు తీరే ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసుకుని, నోట్లు కొంగులో మూటకట్టుకుంది. వడ్డీ పోతుందమ్మా అంటే "అసలే పోతుందంటున్నారు కదా బాబూ" అంది. ఆమెకి ధైర్యం చెప్పడానికి మా దగ్గరికి ఒక్క పై అధికారీ రాలేదు. ఆ బిల్లును 2018 ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. డిపాజిట్ బీమాను లక్ష నుంచి 5 లక్షలకు పెంచింది 2020లో. ధైర్యం చెప్పాల్సిన వాళ్లు ఎప్పుడూ ఇలా ఆలస్యంగానే వస్తారు.

ఇక ఆఫీసుల సంగతి. చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాళ్లు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలని 2006 నుంచి చట్టం ఉంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ కట్టాలి. మా బంధువు ఒక ప్రభుత్వ ఆఫీసుకి రిజిస్టర్లు ప్రింట్ చేసిచ్చి ఎనిమిది నెలలైంది. వెళ్లిన ప్రతిసారీ ఒకటే పాట: బడ్జెట్ రాలేదు, సార్ సెలవులో ఉన్నారు, ఫైలు పైకి వెళ్లింది. వడ్డీ అడిగితే మళ్లీ ఆర్డర్ రాదని ఆయన నోరు మెదపడు. ప్రెస్సులో ఇద్దరు కుర్రాళ్లలో ఒకణ్ణి ఇప్పటికే మాన్పించాడు. ఆ కుర్రాడు ఇక బజారుకి వచ్చి ఏం కొంటాడు?

మీ విలేఖరి ఈసారి బజారుకి వెళ్లినప్పుడు, జిల్లాలో ఏ ఆఫీసు ఏ చిన్న వ్యాపారికి ఎన్నాళ్లుగా ఎంత బాకీ ఉందో కూడా అడిగి రాయమనండి. కొట్టు యజమాని ఖాతా పుస్తకం మాత్రం చూపించడు. నలుగురి పరువు తీయడం ఇష్టం లేదంటాడు. ఆ అరువు వసూలు కాకపోతే పండక్కి సరుకు తేలేనని నాతో అన్నాడు.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, భీమవరం