ఆన్‌లైన్ క్లాసుకి చేట తెచ్చుకోండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వానలు పట్టుకున్నాయి. సెలవు ప్రకటన రావడం ఆలస్యం, వాట్సాప్ గ్రూపులో "మేడమ్, ఆన్‌లైన్ క్లాసు ఉందా?" అని ఒకరు, "అదెందుకు మేడమ్, దండగ" అని ఇంకొకరు. ఇద్దరికీ కలిపి ఈ నెల వార్తాలేఖలో జవాబు రాస్తున్నాను. క్లాసు ఉంది. కానీ 2020లో మీరు చూసిన క్లాసు కాదు.

ఆ క్లాసుల సంగతి దాచిపెట్టను. ఆ ఏడాది మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి మన తెలంగాణలో ప్రభుత్వ బడుల పిల్లలకు టీవీలో, టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. మేమేమో బడి టైమ్‌టేబుల్‌ని ఉన్నదున్నట్టు ఫోన్‌లోకి ఎక్కించాం. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెడితే ఒంటిగంట దాకా వరసగా పాఠాలే. నేను తొమ్మిదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. నలభై నిమిషాలు ఏకధాటిగా చెప్పి "అర్థమైందా?" అంటే చాట్‌లో టపటపా ముప్పై "ఎస్ మేడమ్"లు పడేవి. ఎంత శ్రద్ధగా వింటున్నారో అని మురిసిపోయేదాన్ని. ఒకరోజు "ప్రాణహిత వచ్చి గోదావరిలో ఎక్కడ కలుస్తుందో అట్లాసు చూసి చెప్పండి" అన్నాను. దానికీ ఆరుగురు "ఎస్ మేడమ్" అని పెట్టారు. తర్వాత తెలిసింది, ఆ రెండు ముక్కలూ కాపీ చేసి ఉంచుకుని, నా గొంతు ఆగినప్పుడల్లా పేస్ట్ చేసేవాళ్లట. పక్కన గేమ్ నడుస్తూనే ఉండేదట. వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాలేదు. నలభై నిమిషాలు కదలకుండా కూర్చుని ఒకే గొంతు వినమంటే స్టాఫ్ మీటింగులో నేనే వినను.

2020 జులైలోనే కేంద్రం 'ప్రజ్ఞాత' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు సెషన్లు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు మించొద్దని అందులో ఉంది. ఫీజు కట్టిన తల్లిదండ్రులకు ఏం సమాధానం చెబుతాం అనుకుని మేం దాన్ని పక్కన పెట్టాం. తప్పు చేశాం.

ఇక మొన్నటి వాన సెలవు రోజు సంగతి. ఆరో తరగతి సైన్స్‌లో పదార్థాలను వేరుచేసే పద్ధతుల పాఠం. ముందురోజు రాత్రి టీచరు గ్రూపులో ఒకటే మెసేజ్ పెట్టారు: "రేపు క్లాసుకి చేట, జల్లెడ, టీ వడగట్టేది, గుప్పెడు బియ్యం, ఒక గ్లాసు మట్టినీళ్లు దగ్గర పెట్టుకోండి." చేట లేనివాళ్లు పళ్లెం తెచ్చుకున్నారు. నేను వెనక నుంచి లాగిన్ అయి చూస్తున్నాను. టీచరు చెప్పింది మొత్తం కలిపి ఏడెనిమిది నిమిషాలు. మిగతాదంతా పిల్లల పనే. ఒకబ్బాయి టేబుల్ ఫ్యాన్ పెట్టి దాని ముందు ధాన్యం ఎగరేశాడు. ఊక హాలంతా పరుచుకుంది. వాళ్లమ్మ కేక క్లాసంతటికీ వినిపించింది. (అమ్మా, మీకు క్షమాపణలు. ఫ్యాన్ ఆలోచన మాత్రం వాడి సొంతం.)

ఇంకో పాప చేటతో తిప్పలు పడుతుంటే బియ్యం సగం నేలపాలయ్యాయి. స్క్రీన్‌లోకి ఒక గాజుల చెయ్యి వచ్చి చేట అందుకుంది. నాయనమ్మ. "ఇట్లా కాదు బిడ్డా" అని చేటను పైకి చిన్నగా ఎగరేసి, మణికట్టు దగ్గర ఒక్క విసురు విసిరింది. తవుడు ముందుకి రాలింది, బియ్యం వెనక్కి వచ్చి చేరాయి. ముప్పై మంది పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. టీచరు "చూశారా, ఇదే తూర్పారబట్టడం" అన్నారు. పెద్దావిడ ఒప్పుకోలేదు. "అది కళ్లంలో, గాలి వాటం చూసుకుని ఎత్తు నుంచి పోసేది. చేటతోటి చేసేది చెరగటం. నూకలు తీసేటప్పుడు ఇట్లా అడ్డంగా ఊపుతాం చూడు, అది నేమటం." మూడు పనులకు మూడు మాటలు. టీచరు నవ్వి, "నేను సరిచేసుకుంటాను, మీరంతా నోట్సులో రాసుకోండి" అన్నారు. బరువైనది వెనక్కి, తేలికది ముందుకి ఎందుకు పడుతుందో అప్పుడు పిల్లలే ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆరోజు చాట్‌లో ఒక్క "ఎస్ మేడమ్" కూడా కనిపించలేదు.

ఆ క్లాసు నడిచింది యాప్ వల్ల కాదు, పిల్లల చేతికి పని ఉండడం వల్ల. అందుకే ఇకనుంచి మా టీచర్లు క్లాసుకి పీపీటీ తయారుచేసే ముందు "పిల్లల చేత ఏం చేయిస్తాను?" అన్నది రాసి నాకు చూపిస్తారు. పది నిమిషాలకు మించి ఒకే బిగిన చెప్పరు. లెక్కల్లో జవాబు కాక, ఆ జవాబు ఎలా వచ్చిందో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌లో పిల్లలు చెప్పాలి. తెలుగు పద్యాలు అందరి చేతా కలిపి చదివించబోయి ఒకసారి భంగపడ్డాం. నెట్ వల్ల ఒక్కో గొంతూ ఒక్కో క్షణం ఆలస్యంగా వస్తుంది కాబట్టి సంతలా తయారైంది. ఇప్పుడు ఒకరు చదువుతూ ఒక పదం మింగేస్తారు, మిగతావాళ్లు ఆ పదం రాసి చూపిస్తారు. చిన్న చిన్న గ్రూపులుగా విడగొట్టడం తొమ్మిది, పది తరగతులకు బాగా కుదిరింది. ఆరో తరగతికి మాత్రం అది గోల. ఆ ప్రయత్నం మానుకున్నాం.

కెమెరా ఆన్ చేయమని ఎవరినీ బలవంతం చేయం. ఇల్లు చూపించుకోవడం ఇష్టంలేని పిల్లలు ఉంటారు. డేటా కూడా త్వరగా అయిపోతుంది, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద ఇద్దరు పిల్లలు చదివే ఇళ్లు మన బడిలోనే బోలెడు. చేసిన పని ఫొటో తీసి పంపితే చాలు, హాజరు వేస్తాం.

మీతో ఒక మాట, ఏమీ అనుకోవద్దు. స్క్రీన్ పక్క నుంచి జవాబులు అందించకండి. ప్రాణహిత ఎక్కడ కలుస్తుందని అడిగితే "కాళేశ్వరం అను, కాళేశ్వరం" అని గుసగుసలు మాకు స్పష్టంగా వినిపిస్తాయి. ఈ మధ్య ఒక నాన్నగారు అందించిన జవాబు తప్పు కూడా! పిల్లవాడు తప్పు చెప్తేనే ఎక్కడ తడబడుతున్నాడో టీచరుకు తెలుస్తుంది. బడిలో అయితే ముఖం చూసి పట్టేస్తాం, ఫోన్‌లో ఆ తప్పు ఒక్కటే మాకు ఆధారం. నాయనమ్మలు, తాతయ్యలు చేట అందుకోవడం వేరు, దానికి ఎప్పుడూ స్వాగతమే.

క్లాసు పెట్టకూడని రోజులు కూడా ఉన్నాయి. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు ఎన్నో ఇళ్లకు కరెంటు లేదు, పుస్తకాలు తడిసిపోయాయి. అలాంటప్పుడు లింకు పంపడం అన్యాయం. మామూలు వాన సెలవుకే క్లాసు, ముంపు ఉంటే ఉండదు. అప్పుడు క్లాస్ టీచర్లు ఫోన్ చేసి పిల్లల క్షేమం కనుక్కుంటారు, అంతే.

ఇక ఏర్పాట్లు. నాన్న ఫోన్ పనికి వెళ్లిపోతుంది కాబట్టి ఎనిమిదో తరగతి దాకా క్లాసు సాయంత్రం ఆరింటికి, అరగంట ఒకటి, పావుగంట విరామం, ఇంకో అరగంట. తొమ్మిది, పది తరగతులకు పొద్దున రెండు, సాయంత్రం రెండు. ఫోన్ లేని ఇంటి పిల్లల్ని అదే వీధిలో ఉండే స్నేహితులతో జత చేస్తున్నాం, మీ పిల్లల జత ఎవరో డైరీలో రాసి పంపాం. అభ్యంతరం ఉంటే చెప్పండి, మారుస్తాం. క్లాసు తప్పినవాళ్లు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ని ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో స్కాన్ చేసి చూసుకోవచ్చు.

వచ్చే వాన సెలవుకి ఏడో తరగతి పిల్లలు నిష్పత్తుల పాఠానికి ఒక గ్లాసు, బియ్యం, అన్నం వండే గిన్నె దగ్గర పెట్టుకోవాలి. మీ ఇంట్లో గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లు పోస్తారో ముందే చెప్పేయకండి. కొత్త బియ్యమా పాతవా అన్నది కూడా వాళ్లనే అడగనివ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు