మట్టి, మడి, మిగులు పంట: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు మన తెలుగు కుటుంబాల చేతిలో ఉన్నవి చిన్న కమతాలే. కాసిన్ని కూర మళ్లు, మెట్ట మీద చోళ్లు (రాగులు), గట్టున పనస చెట్టో జీడిమామిడో. కాపు వచ్చిందంటే అందరికీ ఒకేసారి వస్తుంది. మాఘమాసంలో టమాటా ధర పడిపోయి, కోత కూలి కూడా రాదని పంటను మడిలోనే వదిలేసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ మిగులును తిండిగా మార్చి అమ్ముకోవాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. ఏడాది పొడవునా సంఘం పని ఎక్కువగా దాని చుట్టూనే జరిగింది.

పచ్చళ్లు పెట్టడానికి మట్టి పరీక్ష ఎందుకని కొందరు అడిగారు. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే. ఎండబెడితే నీరు పోతుంది గానీ, కాయ మీద కొట్టిన మందంతా దాంతోపాటు పోదు. బుట్టెడు కాయలు గుప్పెడు ఒరుగులయ్యేసరికి మిగిలిన మందు కూడా ఆ గుప్పెట్లోకే చేరుతుంది. కాబట్టి సంతలో పచ్చిగా అమ్మే కూరగాయ కన్నా నిల్వకు వాడేది ఇంకా శుభ్రంగా పండాలి. యూరియా అతిగా పడిన కాయకు నీరెక్కువ, నిల్వకు ఆగదు. ఎరువు ఎంత వేయాలో మట్టి పరీక్షే చెబుతుంది. ఈ విషయంలో సంఘం పట్టు విడవదు. మందు కొట్టిన మడి నుంచి వచ్చిన సరుకు, అది ఎవరిదైనా సరే, మన వంటశాలలోకి రాదు.

వేసవి దుక్కికి ముందు మట్టి నమూనాలు తీశాం. గట్టు పక్కన, చెట్టు నీడన, గెత్తం (పశువుల ఎరువు) కుప్ప వేసిన చోట తీయకూడదు. మడిలో ఎనిమిది, పది చోట్ల ఆరంగుళాల లోతున తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు వదిలేస్తూ చివరికి అర కిలో మిగుల్చుకోవాలి. సాయిల్ హెల్త్ కార్డులు ఒడియాలో వచ్చాయి. బడిలో ఒడియా చదువుకున్న మన పిల్లలే పెద్దవాళ్లకు చదివి వినిపించారు. సభ్యులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ కార్డు పోషకాలు, ఉదజని సూచిక (పీహెచ్), సేంద్రియ కర్బనం లాంటి 12 అంశాలు చెబుతుంది. పురుగుమందుల అవశేషాల మాట అందులో ఉండదు. కార్డు బాగుంది కాబట్టి నేల శుభ్రంగా ఉన్నట్టేనని అనుకోవద్దు.

మన ఎర్రనేలల్లో పులుపు గుణం ఎక్కువ. అవసరమని తేలిన మళ్లలో సున్నం వేయించాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వరదకు మహేంద్రతనయ ఒడ్డున ఇసుక మేట వేసిన పొలాలు ఇంకా పూర్తిగా కోలుకోలేదు. అక్కడ పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి, పూత మొదలయ్యే వేళకు కలియదున్నారు. ఊరి చెత్తతో చేసిన ఎరువు ఉచితంగా ఇస్తామని ఒకచోటు నుంచి కబురొచ్చింది. జల్లెడ పట్టి చూస్తే గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు. వద్దన్నాం. ఉచితమని ఒకసారి పొలంలో పోసుకుంటే వాటిని మన మనవలు కూడా ఏరుతూనే ఉండాలి.

ఇక వంటశాల. టమాటా ముక్కల్ని ఉప్పు, పసుపు కలిపి ఊరబెట్టి, మూడో రోజు రసం పిండేసి ఎండబెట్టి, ఆ రసంలోనే చింతపండు నానబెట్టి రుబ్బే మన ఇళ్ల పద్ధతినే పాటించాం. గాలికి రాలిన మామిడి ఒరుగులైంది, పండినది తాండ్ర అయింది. బూడిద గుమ్మడి వడియాలకు గిరాకీ బాగా వచ్చింది. ముక్కల్ని ఉప్పేసి రాత్రంతా బరువు కింద ఉంచి నీరు పిండటంలో మన పెద్దమ్మల చేతి నేర్పు కొత్తవాళ్లకు ఇంకా రాలేదు. ఈ ఏడూ వాళ్లనే దగ్గరుండి నేర్పమని కోరుతున్నాం. చోళ్లు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పట్టించిన పిండిని చంటిపిల్లల తల్లులు అడిగి మరీ తీసుకెళ్లారు. జీడిమామిడి పండు మాత్రం కోసిన మర్నాటికే పులిసిపోతోంది, దానికి దారి ఇంకా వెతకాలి.

వానాకాలంలో ఎండబెట్టే పని పూర్తిగా ఆపాం. తేమ మిగిలితే బూజు పడుతుంది, బూజు తుడిచి అమ్మే సంఘం మనది కాదు. పారదర్శక షీటు కప్పిన సోలార్ డ్రయ్యర్ ఒకటి కొనాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. కేంద్రం 2020లో తెచ్చిన చిన్న ఆహార యూనిట్ల పథకంలో బ్యాంకు అప్పు తీసుకున్నవాళ్లకు యూనిట్ ఖర్చులో 35 శాతం రాయితీ పెట్టారు, కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క సీసా కూడా బయటికి పంపొద్దని నిర్ణయించాం.

ధర గురించి ఒక మాట. మొదట్లో సీసా ధర కట్టినప్పుడు నూనె, కారం, సీసా ఖర్చే లెక్కేశారు. ఆడవాళ్ల పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కార్యవర్గంలోని ఆడవాళ్లు గట్టిగా అడగడంతో ఇప్పుడు పొలం కూలికి తగ్గకుండా వంటశాల కూలి కూడా ధరలో చేరింది. ధర కాస్త పెరిగింది. పాతపట్నం సంతలో కొందరు బేరగాళ్లు వెనక్కి తగ్గారు. అయినా ఈ నిర్ణయం మార్చాల్సిన పనిలేదని కార్యవర్గం అభిప్రాయం. లేబుళ్లు తెలుగు, ఒడియా రెండింటిలోనూ వేయిస్తున్నాం. నౌపడ రైలులో సరుకు తీసుకెళ్లిన యువకులకు ధన్యవాదాలు.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతి ఎప్పటిలాగే జరిగింది. వచ్చినవాళ్లకు చోడి అంబలి, పనస గింజల కూర పెట్టాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

సర్వసభ్య సమావేశంలో డ్రయ్యర్ కొనుగోలు, నిల్వ గది అద్దె మీద ఓటింగ్ ఉంటుంది. వచ్చేటప్పుడు మట్టి కార్డు వెంట తెచ్చుకోండి. ఇళ్లలో ఖాళీగా ఉన్న జాడీలుంటే కడిగి, ఎండబెట్టి తీసుకురండి.