ముందు మీ మెస్‌లో తూకం వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

అడ్మిషన్ల కాలం వస్తే చాలు, 'సుస్థిర ఆహార వ్యవస్థలు' అనే పేరుతో డిగ్రీలు, పీజీల ప్రకటనలు మీ పత్రికలో కూడా పేజీల కొద్దీ కనిపిస్తున్నాయి. మంచిదే. మనుషుల పనుల వల్ల గాల్లో కలిసే గ్రీన్‌హౌస్ వాయువుల్లో దాదాపు మూడో వంతు తిండి చుట్టూ జరిగే పనులవే. అంటే పొలం నుంచి చెత్తబుట్ట దాకా అన్నీ కలిపి. మనం తోడుకునే మంచినీటిలో సుమారు 70 శాతం వ్యవసాయానికే పోతోంది. ఇంత పెద్ద రంగానికి చదువుకున్నవాళ్లు కావాలి, కాదనను. కానీ చాలా ఏళ్లుగా ఆహార గిడ్డంగుల్లో క్వాలిటీ పని చేస్తూ, ఈ డిగ్రీలతో వచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేస్తున్నవాణ్ని. నాదొక ఫిర్యాదు ఉంది.

ఈమధ్య ఒకమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. కర్బన ఉద్గారాల గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "అరటికాయల లోడు, ఆపిల్ లోడు ఒకేసారి దిగాయి. ఖాళీ గది ఒక్కటే ఉంది. ఏం చేస్తావమ్మా?" అన్నాను. "రెండూ అందులోనే పెట్టి, బాగా చల్లగా ఉంచుతానండి" అంది.

ఆపిల్ సున్నాకు దగ్గరగా, మహా అయితే నాలుగు డిగ్రీల్లో హాయిగా ఉంటుంది. అరటికాయకు 13 డిగ్రీల కంటే బాగా తగ్గితే దెబ్బే. పోనీ వేడి పెంచుదామంటే ఆపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువు పక్కనున్న అరటిని ముందే పండించేస్తుంది. తమాషా ఏమిటంటే, చలి దెబ్బ తిన్న సంగతి ఆ రోజు బయటపడదు. కాయ పచ్చగానే ఉంటుంది. మగ్గబెట్టాక తొక్కకు పసుపు రాదు, మసిబారినట్టు బూడిద రంగుకు తిరుగుతుంది. నేను పనిచేసిన ఒకచోట నైట్ డ్యూటీలో ఎవరో థర్మోస్టాట్‌ను 8కి తిప్పి మర్చిపోయారు. లోడు లోడంతా పారబోశాం. ఆ కాయలకు పెట్టిన నీళ్లు, వేసిన ఎరువు, లారీ తాగిన డీజిల్ అన్నీ దాంతోపాటే పోయాయి.

తప్పు ఆ అమ్మాయిది కాదు. నిల్వ పాఠం ఉద్యానశాఖ వాళ్లది, శీతలీకరణ మెకానికల్ వాళ్లది, వ్యర్థాల లెక్క పర్యావరణం వాళ్లది. కొత్త డిగ్రీ పెట్టామని తలా ఒక పేపరు అప్పిచ్చారు తప్ప, ఒక్క లోడును మొదటినుంచి చివరిదాకా వెంబడించమని ఎవరూ చెప్పలేదు. నన్నడిగితే ఒక టర్మ్ మొత్తం అదే పని చేయించాలి.

అలా వెంబడిస్తే నినాదాలు కూడా కొన్ని రాలిపోతాయి. దగ్గర్లో పండింది తింటే భూమికి మేలు అని పిల్లలు ఠక్కున చెబుతారు. 119 దేశాల్లోని 38 వేలకు పైగా పొలాల వివరాలతో 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఆహారం వల్ల వచ్చే ఉద్గారాల్లో రవాణా వాటా 6 శాతం దగ్గరే. విమానంలో తెచ్చే సరుకు సంగతి వేరు. బరువంతా భూమి వాడకంలో, పశువుల్లో, ఎరువుల్లో ఉంది. దగ్గర్లో కొనడానికి వేరే మంచి కారణాలు ఉండొచ్చు, నేనూ కొంటాను. కానీ కారణం ఏదో తెలిసి చెప్పాలి కదా.

ఇంకో ఉదాహరణ, నాకు బాగా ఇష్టమైనది. యూరప్‌లో 1988 నాటి నిబంధన ప్రకారం పైరకం కీరదోస పది సెంటీమీటర్ల పొడవుకు పది మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. అందరూ నవ్వారు. కానీ నిటారు కాయలైతే పెట్టెలో లెక్కగా సర్దుకుంటాయి, వ్యాపారికి తెరిచి చూడకుండానే సరుకు అర్థమవుతుంది. మరి వంకర కాయ గతేమిటి? చివరికి 2009లో కీరదోసతో సహా 26 రకాల కాయగూరలు, పండ్ల మీద ఆ ప్రత్యేక నిబంధనలు ఎత్తేశారు. ఇలాంటి నిబంధన రాసేదీ కొట్టేసేదీ ఎవరు? పంట తెలిసి, ప్యాకింగ్ తెలిసి, చట్టం భాష చదవగలిగినవాళ్లు. అలాంటివాళ్లు ఏ ఒక్క శాఖలోనూ తయారు కారు. ఉద్యోగాలు కూడా అక్కడే ఉన్నాయి. 'సస్టెయినబిలిటీ ఆఫీసర్' అనే బోర్డు ఉన్న గదులు తక్కువ. కొనుగోళ్లు, క్వాలిటీ, ఆడిట్, ఆసుపత్రి వంటశాల, నగరపాలక సంస్థ చెత్త విభాగం... ఆ పేర్లు బ్రోషర్‌లో పడితే గ్లామర్ తగ్గుతుందని భయం కాబోలు.

ల్యాబ్‌కు డబ్బుల్లేవంటారు. ప్రతి క్యాంపస్‌లో ఒక ల్యాబ్ రోజుకు మూడుపూటలా నడుస్తూనే ఉంది. హాస్టల్ మెస్! 2022లో ప్రపంచం మొత్తం మీద దుకాణాలు, హోటళ్లు, ఇళ్లలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం లెక్క. అందులో 29 కోట్ల టన్నులు హోటళ్లు, క్యాంటీన్ల లాంటి చోట్లవే. ఈ వృథాను 2030 నాటికి తలసరిన సగానికి తగ్గించాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మెస్‌లో ఈ వృథాను తూచడానికి ఒక కాటా, మూడు డబ్బాలు చాలు. వండకముందు పోయింది ఒకదాంట్లో, వండాక మిగిలింది ఇంకోదాంట్లో, ప్లేట్లలో వదిలేసింది మూడోదాంట్లో. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు ట్రేలు తీసేసి ఉత్త ప్లేట్లు ఇస్తే, ఒకేసారి మోసుకెళ్లడం కుదరక పిల్లలు తక్కువ వడ్డించుకున్నారు, పారేసేదీ తగ్గింది. ఇది కనిపెట్టడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. చేతికి గ్లౌజు వేసుకుని డబ్బా పక్కన నిలబడాలి, అంతే. వాసన వస్తుంది, నిజమే.

పోయిన నెల మా బంధువుల పిల్లాడి కోసం ఈ కోర్సు ఉన్న ఒక యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగానికి ఫోన్ చేశాను. ఫీజు, ప్లేస్‌మెంట్లు, విదేశీ ఒప్పందాలు అన్నీ ఓపిగ్గా చెప్పారు. "మీ మెస్‌లో నిన్న ఎంత పారేశారో చెప్పగలరా?" అని అడిగాను. కాసేపు ఆగి, "అది కాంట్రాక్టర్ చూసుకుంటాడండీ" అన్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు